అమెరికా మర్డర్ కేసుల మీద తిరుపతిలో ఒక కోర్సు: 4,500 పెట్టొచ్చా?

బాలాజీ కాలనీ వైపు ఒక లా కోచింగ్ సెంటర్ వాళ్ళు ఆదివారాలు ఒక షార్ట్ కోర్సు నడుపుతున్నారు. అమెరికాలో హత్య కేసులు ఎలా నడుస్తాయి, శిక్ష ఎలా వేస్తారు అన్నది సబ్జెక్టు. ఫీజు 4,500. సెంటర్ పేరు రాయను, ఎందుకంటే కింద తిట్టేది కూడా చాలా ఉంది, వాళ్ళ మొహాలు నేను రోజూ చూడాలి. కోర్టు కాంప్లెక్సులో ఏ జూనియర్ లాయర్ని అడిగినా అదెక్కడో చెప్తారు. ముందే తేల్చేస్తున్నా: కోర్సులో మొదటి సగం దండగ. రెండో సగానికి విడిగా ఇంకో రెండు వేలు అడిగినా ఇచ్చేవాణ్ణి.

పాంప్లెట్ చూస్తే ఎవడికైనా అనుమానం వస్తుంది. ఒక పక్క జడ్జి సుత్తి, ఇంకో పక్క కరెంటు కుర్చీ, మధ్యలో ఎర్ర అక్షరాలు. మన కోర్టుల్లో సుత్తి ఉండదని మనకి తెలుసు, వాళ్ళ దగ్గర ఉంటుంది అనుకుందాం, సరే. కానీ కరెంటు కుర్చీ ఏంటండీ? అక్కడ ఇప్పుడు మరణశిక్షలు ఎక్కువగా విషపు ఇంజెక్షన్‌తోనే అమలవుతున్నాయి. అలబామాలో 2024 జనవరిలో నైట్రోజన్ గ్యాస్ వాడారు, సౌత్ కరోలినాలో 2025 మార్చిలో తుపాకులతో కాల్చి అమలు చేశారు. ఆ పాంప్లెట్ వేసినవాళ్ళు కనీసం అదైనా చూసుకోవాల్సింది. నేను చేరింది మా సీనియర్ గారి మాట మీద, పాంప్లెట్ చూసి కాదు.

క్లాసుకి వచ్చినవాళ్ళు రకరకాలు. ఎస్వీ యూనివర్సిటీ లా స్టూడెంట్లు, పద్మావతి మహిళా యూనివర్సిటీ అమ్మాయిలు కొందరు, మాలాంటి జూనియర్లు, రిటైరైన హెడ్ కానిస్టేబుల్ ఒకాయన, కొడుకు డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్న రిటైర్డ్ హెడ్‌మాస్టర్ గారు, ఆయన భార్య. ఈ చివరి ముగ్గురు లేకపోతే క్లాసు సగం చప్పగా ఉండేది.

మొదటి సగం చెప్పింది సెంటర్ రెగ్యులర్ ఫ్యాకల్టీ. స్లయిడ్ వేయడం, చదవడం, అంతే. విషయం తప్పు కాదు, చెప్పిన తీరులో పస లేదు. హత్యని ఫస్ట్ డిగ్రీ, సెకండ్ డిగ్రీ అని విడగొట్టడం 1794లో పెన్సిల్వేనియాలో మొదలైందని చెప్పి వదిలేశాడు. ఎందుకు విడగొట్టారన్నదే కదా అసలు సంగతి! అప్పట్లో హత్య అంటే మరణశిక్షే. పథకం వేసి చంపినవాడి లాంటివాళ్ళకి మాత్రమే దాన్ని ఉంచి, మిగతావాళ్ళని తప్పించడానికి ఆ విభజన తెచ్చారు. మనం 302ని, అంటే హత్య సెక్షన్‌ని, శిక్ష తక్కువుండే 304 పార్ట్ టూకి దింపడానికి, కొత్త చట్టం నంబర్లలో అయితే 103ని 105కి దింపడానికి, ట్రయల్ మొత్తం ఎలా పాకులాడతామో అక్కడా డిఫెన్స్ లాయర్లు డిగ్రీ తగ్గించడానికి అంతే పాకులాడతారు. ఈ ఒక్క మాట చెప్పుంటే మా బెంచీ అంతా నిద్ర లేచేది.

ఆయన చెప్పినవాటిలో పనికొచ్చింది ఫెలనీ మర్డర్ రూల్. దొంగతనానికి నలుగురు వెళ్ళారు, లోపల ఒకడు కాల్చాడు, మనిషి పోయాడు. బయట బండి స్టార్ట్ చేసి పెట్టుకుని కూర్చున్నవాడి మీద కూడా చాలా రాష్ట్రాల్లో మర్డరే. చంపే ఉద్దేశం వాడికి ఉందా లేదా అని చూడరు, దొంగతనానికి సిద్ధపడి వచ్చాడా లేదా అన్నదే లెక్క. మన దగ్గర కామన్ ఇంటెన్షన్ కింద లాగుతారు కానీ దానికి ఎంతో కొంత ఉమ్మడి ఉద్దేశం చూపించాలి కదా. కాలిఫోర్నియా 2018లో చట్టం మార్చి ఈ రూల్‌ని బాగా కుదించింది. ఇది విని మా హెడ్ కానిస్టేబుల్ గారు ‘మంచి రూలే సార్, మా టైంలో ఉండుంటే ఏ5, ఏ6లు ఒక్కడూ బయటపడేవాడు కాదు’ అన్నారు. లా అమ్మాయిలు ఆయన మీద విరుచుకుపడ్డారు, ఆ తర్వాత అరగంట సేపు ఫ్యాకల్టీ గారికి పనే లేదు.

రెండో సగానికి వేరే ఆయన వచ్చారు. అమెరికాలో కొన్నేళ్ళు పబ్లిక్ డిఫెండర్ ఆఫీసులో పారాలీగల్‌గా, అంటే లాయర్లకి సహాయకుడిగా చేసి, అమ్మానాన్నల కోసం రేణిగుంట తిరిగొచ్చేశారట. పబ్లిక్ డిఫెండర్ అంటే డబ్బులేని ముద్దాయికి ప్రభుత్వం జీతమిచ్చి పెట్టే లాయరు. ఈయన స్లయిడ్లు ముట్టుకోలేదు. నేరుగా జ్యూరీ ఆట మొదలుపెట్టారు. జ్యూరీ అంటే కేసు విని తేల్చడానికి మామూలు జనంలోంచి ఎంచుకునేవాళ్ళు. మాలో పన్నెండు మందిని ఎంచాలి, కేసు మరణశిక్ష పడే కేసు. ఒక్కొక్కర్ని ప్రశ్నలు అడుగుతున్నారు. హెడ్‌మాస్టర్ గారు లేచి ‘నేను ఏ మనిషికీ ఉరి వేయమని చెప్పనండీ, ఎంత ఘోరం చేసినా సరే’ అన్నారు. ‘థాంక్యూ సార్, మీరు వెళ్ళొచ్చు’ అని పంపించేశారు. ఆయన బిత్తరపోయారు. నిజంగానే అక్కడ అంతేనట. ఏ పరిస్థితిలోనూ మరణశిక్షకి ఒప్పుకోలేను అనేవాళ్ళని అలాంటి కేసుల జ్యూరీలోంచి తీసేస్తారు. ఎలాంటి హత్యకైనా మరణశిక్షే వేస్తాను అనేవాళ్ళనీ తీసేస్తారు. మరి మిగిలినవాళ్ళు ఎవరు, వాళ్ళు ఊరందరి తరఫున మాట్లాడగలరా అని హెడ్‌మాస్టర్ గారి భార్య అడిగారు. సారు నవ్వి ఊరుకున్నారు. నాకైతే ఆ కోర్సులో వచ్చిన అతి మంచి ప్రశ్న అదే.

మర్నాడు కోర్టులో కూడా నేను ఆలోచించింది మాత్రం ప్లీ బేరాల గురించి, అంటే నేరం ఒప్పుకుని బదులుగా శిక్ష తగ్గించుకునే ఒప్పందాల గురించి. అమెరికా అంటే జ్యూరీ, క్రాస్, కోర్టు హాల్లో కన్నీళ్ళు అనుకుంటాం. వాళ్ళ సుప్రీంకోర్టే 2012లో ఒక తీర్పులో రాసుకుంది, ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ కోర్టుల్లో శిక్షల్లో 97 శాతం, రాష్ట్రాల కోర్టుల్లో 94 శాతం నేరం ఒప్పుకోవడం వల్లే పడుతున్నాయని. హత్య కేసుల్లో ట్రయల్‌కి వెళ్ళేవి మిగతా నేరాల కంటే ఎక్కువే, అయినా ఒప్పందాలు మామూలే. ఐడహోలో నలుగురు యూనివర్సిటీ విద్యార్థుల్ని చంపిన కేసు చెప్పారు. 2022 నవంబర్‌లో హత్యలు, 2025 జూలైలో ముద్దాయి నేరం ఒప్పుకున్నాడు. మరణశిక్ష అడగం అని ప్రాసిక్యూషన్, అప్పీలు చేసుకోను అని అతను. నాలుగు జీవిత ఖైదులు ఒకదాని తర్వాత ఒకటి, పెరోల్ లేదు, అంటే మధ్యలో విడుదలయ్యే దారి లేదు. ఎందుకు చంపావు అన్నదానికి జవాబు చెప్పాలన్న షరతు ఆ ఒప్పందంలో లేదు. పోయినవాళ్ళ కుటుంబాల్లోనే కొందరు సరేనన్నారు, కొందరు మండిపడ్డారు. మన దగ్గర ప్లీ బార్గెయినింగ్ 2006 నుంచి ఉంది కానీ ఏడేళ్ళకి మించి శిక్ష పడే నేరాలకి వర్తించదు, కాబట్టి హత్యలో దాని ఊసే లేదు. మన దగ్గర బేరం జరగదా అంటే జరుగుతుంది, కోర్టు బయట, సాక్షులతో. ఆ సంగతి ఇక్కడ వద్దులెండి.

ఇక శిక్ష. ఈ భాగం కోసమే వెళ్ళండి.

హెడ్ కానిస్టేబుల్ గారు మళ్ళీ మొదలెట్టారు: ‘చంపినోడు నేనే చంపినా అని ఒప్పుకున్నాక ఇంక నెలల తరబడి వాదించేదేముంది సార్?’ దానికి సారు ఫ్లోరిడా పార్క్‌ల్యాండ్ స్కూల్ కాల్పుల కేసు తీసుకున్నారు. 2018 ఫిబ్రవరిలో 17 మంది పోయారు. ముద్దాయి 2021 అక్టోబర్‌లో అన్ని హత్యలూ ఒప్పేసుకున్నాడు. అయినా 2022లో నెలల తరబడి జ్యూరీ ముందు విచారణ నడిచింది, కేవలం శిక్ష ఏంటి అన్నదాని మీద. ఒకవైపు పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు వచ్చి మాట్లాడారు. ఇంకోవైపు ఇతను కడుపులో ఉన్నప్పుడు తల్లి తాగిన మందు వల్ల మెదడు దెబ్బతిందని డిఫెన్స్ డాక్టర్లని తెచ్చింది. చివరికి తొమ్మిది మంది మరణశిక్ష అన్నారు, ముగ్గురు ఒద్దన్నారు. అప్పటికి ఫ్లోరిడాలో పన్నెండుకి పన్నెండూ ఒక్క మాట మీద ఉండాలి కాబట్టి 34 జీవిత ఖైదులు పడ్డాయి. దాని మీద జనం ఎంత రగిలిపోయారంటే 2023లో చట్టం మార్చి, ఎనిమిది మంది చాలు అని పెట్టేశారు. ఒక్క కేసు మీద కోపంతో మార్చిన చట్టం రేపు ఇంకెవరి మెడకో చుట్టుకుంటుంది, ఇది నా మాట, సారుది కాదు.

ఈ రెండు అంచెల పద్ధతి ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా బాగా చెప్పారు. 1972లో ఫర్మన్ కేసులో వాళ్ళ సుప్రీంకోర్టు అప్పటికున్న మరణశిక్షలన్నీ ఆపేసింది, ఎవరికి పడుతుందో ఎవరికి పడదో ఒక పద్ధతీ పాడూ లేదని. 1976లో గ్రెగ్ కేసులో మళ్ళీ ఒప్పుకుంది, కానీ దోషి అవునా కాదా అన్నది ముందు, శిక్ష ఏంటన్నది తర్వాత విడిగా తేల్చే చట్టాలు వచ్చాక. 2002 నుంచి మరణశిక్షకి దారి తీసే కారణాల్ని జడ్జి కాదు, జ్యూరీయే రుజువైనట్టు తేల్చాలి. పద్దెనిమిది నిండని వయసులో చేసిన నేరానికి మరణశిక్ష 2005లో పోయింది. ఉరి అత్యంత అరుదైన కేసుల్లోనే అని మన సుప్రీంకోర్టు చెప్పిన బచ్చన్ సింగ్ తీర్పు 1980ది, ఆ ఫర్మన్, గ్రెగ్ తీర్పుల్ని దగ్గర పెట్టుకుని రాసిందే. అది చదివి పాసైనవాళ్ళం, ఈ లంకె మాకు కాలేజీలో ఎవరూ చూపించలేదు.

మరణశిక్ష లేని రాష్ట్రాల్లో లెక్క ఇంకోలా ఉంటుంది. మినెసోటా మరణశిక్షని 1911లోనే తీసేసింది, 1980 నుంచి శిక్షలకి ఒక పట్టిక పెట్టుకుంది. నిలువుగా నేరం తీవ్రత, అడ్డంగా పాత నేరాల స్కోరు, రెండూ కలిసే గడిలో నెలల సంఖ్య. జార్జ్ ఫ్లాయిడ్‌ని చంపిన పోలీసు డెరెక్ షోవిన్ మీద మూడు నేరాలూ రుజువైతే పెద్దదానికి మాత్రమే శిక్ష వేశారు. పాత కేసులు లేవు కాబట్టి పట్టిక ప్రకారం పన్నెండున్నరేళ్ళు. ప్రాసిక్యూషన్ 30 అడిగింది. జడ్జి, అధికారాన్ని దుర్వినియోగం చేశాడనీ, క్రూరంగా ప్రవర్తించాడనీ కారణాలు రాసి 2021 జూన్‌లో ఇరవై రెండున్నరేళ్ళు వేశారు. పట్టిక దాటితే కారణం కాగితం మీద పెట్టాలి. మన సెషన్స్ కోర్టులో 105 పార్ట్ టూ కింద ఒకరికి మూడేళ్ళు, పక్క హాల్లో దాదాపు అదే గొడవకి ఇంకొకరికి ఎనిమిదేళ్ళు పడితే ముద్దాయి తల్లికి నేను ఏం చెప్పాలి?

ఆ తర్వాత తెలుగువాళ్ళ కేసులు. క్లాసులో అందరూ ఫోన్లు పక్కన పెట్టింది ఇక్కడే. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లో ఇంజనీర్ కూచిభొట్ల శ్రీనివాస్‌ని బార్‌లో కాల్చి చంపిన కేసు. చంపినవాడు రాష్ట్ర కోర్టులో నేరం ఒప్పుకున్నాడు, 2018 మేలో జీవిత ఖైదు, 50 ఏళ్ళ దాకా పెరోల్ లేదు. అప్పటికే వాడు యాభై దాటినవాడు. అదే ఏడాది ఆగస్టులో జాతి ద్వేషం నేరాల కింద ఫెడరల్ కోర్టు మూడు జీవిత ఖైదులు వరసగా వేసింది. ‘ఒక మనిషికి ఎన్ని జీవితాలండీ?’ అన్నారు హెడ్‌మాస్టర్ గారు. ఒకటి అప్పీల్లో పోయినా మిగతావి నిలవాలని, పెరోల్‌కి దారి లేకుండా చేయాలని అలా వేస్తారట. మన సుప్రీంకోర్టు 2016లో రాజ్యాంగ ధర్మాసనం తీర్పులో జీవిత ఖైదులు వరసగా నడవవు అని చెప్పేసింది, మనిషికి ఉన్నది ఒకటే ప్రాణం అన్న లెక్కన. హెడ్‌మాస్టర్ గారికి ఇది చెప్తే ‘చూశావా, మనవాళ్ళు లెక్కల్లో కరెక్ట్’ అన్నారు.

రెండోది, పెన్సిల్వేనియాలో 2012లో ఒక తెలుగు కుటుంబంలో పసిపాపనీ, నాయనమ్మనీ చంపిన కేసు. చేసినవాడూ తెలుగువాడే, యండమూరి రఘునందన్. 2014లో మరణశిక్ష పడింది. 2018లో తేదీ ఖరారైందని మన పేపర్లలో పెద్దగా వచ్చింది, క్లాసులో సగం మంది అప్పుడే అయిపోయింది అనుకుంటున్నారు. అవలేదు. ఆ రాష్ట్ర గవర్నర్ 2015లోనే మరణశిక్షల అమలు ఆపేశారు, తర్వాత వచ్చినాయనా అదే కొనసాగించారు. అక్కడ చివరిసారి అమలైంది 1999లో. శిక్ష పడటం వేరు, అమలవడం వేరు. చిత్తూరువాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మేయర్ దంపతుల్ని ఆఫీసులోనే చంపింది 2015 నవంబర్‌లో, మన కోర్టు ఐదుగురికి ఉరి వేసింది 2025 అక్టోబర్‌లో, అది హైకోర్టు ఖాయం చేస్తే తప్ప అమలు కాదు. నేనీ పోలిక తీస్తే సారు ‘ఆ కేసు జోలికి మనం పోవద్దు’ అని ఆపేశారు. తప్పు పట్టను, క్లాసులో ఎవరు ఎవరికి చుట్టమో ఎవరికి తెలుసు.

నాకు నిజంగా ఉపయోగపడింది మిటిగేషన్ గురించి, అంటే శిక్ష తగ్గించమనడానికి ముద్దాయి జీవితంలోంచి కారణాలు చూపించడం గురించి చెప్పిన పూట. అమెరికాలో మరణశిక్ష కేసుల్లో డిఫెన్స్ టీమ్‌లో దీనికే ఒక మనిషి ఉంటారు. ముద్దాయి చదివిన స్కూలుకి వెళ్తారు, పుట్టిన ఆసుపత్రి రికార్డులు తీస్తారు, టీచర్లనీ పక్కింటివాళ్ళనీ కలిసి జీవితం మొత్తం రాసి కోర్టు ముందు పెడతారు. మన దగ్గర? దోషి అని చెప్పగానే జడ్జిగారు శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా అని అడుగుతారు, ముద్దాయి ‘అమ్మ ముసలిది, పిలకాయలు చిన్నోళ్ళు, నేనే దిక్కు సార్’ అంటాడు, మనం లేచి కనికరం చూపండి అంటాం, చాలాసార్లు భోజనాల తర్వాత శిక్ష చదివేస్తారు. 103లో తక్కువలో తక్కువ జీవిత ఖైదే కాబట్టి అక్కడ చెప్పుకోవడానికి పెద్దగా లేదు, నిజమే. కానీ 105లో ఆ తేడా ఏళ్ళలో ఉంటుంది. మరణశిక్ష కేసుల్లో ఈ సమాచారం ట్రయల్ కోర్టు దశలోనే సేకరించాలని మన సుప్రీంకోర్టు 2022లో మనోజ్ కేసులో చెప్పింది కూడా. సారు ఇచ్చిన ప్రశ్నల పత్రం, రెండు పేజీలు, అమ్మానాన్నల సంగతి, చిన్నప్పటి జబ్బులు, తలకి తగిలిన దెబ్బలు, చదువు ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, ఇలా. ఇప్పుడు నా దగ్గరున్న ఒక కట్టె దెబ్బల కేసులో దాన్ని పట్టుకుని ముద్దాయి ఊరికి వెళ్ళా. వాళ్ళ అక్క చెప్పిన సంగతులు చార్జిషీటులో ఒక్క ముక్క లేవు.

ఇప్పుడు తిట్లు. స్పైరల్ బైండింగ్ చేసిచ్చిన మెటీరియల్ ఎక్కడో పాత పేజీలు దింపిన సరుకు. వర్జీనియాని ఇంకా మరణశిక్ష ఉన్న రాష్ట్రాల్లో చూపించారు, అది 2021లోనే రద్దు చేసింది. ఫెడరల్ జైల్లో మరణశిక్ష ఖైదీలు 40 మంది అని ఉంది, బైడెన్ 2024 డిసెంబర్‌లో వాళ్ళలో 37 మందికి జీవిత ఖైదుగా మార్చారు కదా, ఇంకో ప్రింటు వేసేటప్పుడైనా చూసుకోవద్దా? ఆఫీసులో చెప్తే ‘పరీక్షకి రాదులెండి సార్’ అన్నాడు కౌంటర్లో కుర్రాడు. పాంప్లెట్‌లో రాసిన ఫుల్ మాక్ ట్రయల్ జరగనే లేదు, ఆ జ్యూరీ ఆటనే అందులో కలిపేశారు. వెనక బెంచీలకి మైకు వినపడదు. వర్ణభేదం గురించి, అంటే ఏ రంగువాళ్ళని చంపితే మరణశిక్ష ఎక్కువ పడుతోందన్న లెక్కల గురించి, వాటి మీదే వచ్చిన 1987 మెక్లెస్కీ తీర్పు గురించి ఒక్క మాట లేదు. అమెరికా శిక్షల మీద కోర్సు పెట్టి దాన్ని వదిలేయడం నాకు అర్థం కాలేదు.

క్రిమినల్ సైడ్ ప్రాక్టీసు చేసే జూనియర్లు తప్పకుండా వెళ్ళండి. పరీక్షలకి నోట్స్ కోసం అయితే వద్దు. పిల్లలు అమెరికాలో ఉన్న పెద్దవాళ్ళు వెళ్తే మటుకు కాస్త గుండె గట్టి చేసుకుని వెళ్ళాలి, హెడ్‌మాస్టర్ గారి భార్య కాన్సస్ కేసు రోజు మధ్యలోనే లేచి బయటికెళ్ళి కొడుక్కి ఫోన్ చేసుకున్నారు, అక్కడ అప్పుడు రాత్రి రెండు గంటలు. రెండో సగానికి మాత్రమే ఫీజు తీసుకుంటారా అని అడగండి, మా బ్యాచ్‌లో ఒకమ్మాయి గట్టిగా అడిగితే 2,500కి ఒప్పుకున్నారు. ముందు బెంచీ పట్టుకోండి, మెటీరియల్ కొనకండి. బండి మెయిన్ రోడ్డు మీద పెట్టొద్దు, ఆదివారం కూడా ట్రాఫిక్ వాళ్ళు ఫోటో తీస్తున్నారు.